ఎఱుక ఋణము

జ్ఞానము గలుగుట యొకటి, కలిగిన జ్ఞానము ననుసరించి నడచుకొనుట వేఱొకటి. ఈ రెంటి నడుమనుండు దూరమును గూర్చి పూర్వులు పలుమాఱు చెప్పియున్నారు, మనమును పలుమాఱు వినియున్నాము. వినుటలో మనకు కొఱత లేదు. సభలకు పోవుదుము, గ్రంథములు చదువుదుము. ఒక్కొక్కప్పుడు ఎవ్వరును చెప్పకయే మన యనుభవము వలన ఒక సత్యము మనకు స్ఫురించును. స్ఫురించిన దినమున మనస్సు దీపము పెట్టినట్లుండును. వారము దినములు గడచునప్పటికి ఆ వెలుగు మందగించును. నెల గడచునప్పటికి అది సంభాషణకు పనికివచ్చు విషయముగా మాఱును. సంవత్సరము గడచునప్పటికి అట్టిదొకటి తలచితిమను జ్ఞాపకము మాత్రము మిగులును. ఇట్లు మనలో ఎన్ని తలంపులు పుట్టి గిట్టుచున్నవో లెక్కపెట్టినవారు లేరు.

ఈ నష్టము తలచినవానిది మాత్రమే యైనచో మేమీ విషయమును గూర్చి వ్రాయబూని యుండము. తలంపు వాని సొత్తు, దాని నతడు పోగొట్టుకొనెను, మనకేమి యని యూరకుండవచ్చును. కాని యొకనికి దెలిసిన సత్యము పదుగురి బాధను తీర్పగలిగిన దైనప్పుడు, అది వాని సొత్తు గాక వానియొద్ద నుంచబడిన యప్పగింత యగును. పొరుగువాని ధనము మన పెట్టెలో నున్నప్పుడు దానిని దొంగిలింపకుండిన మాత్రమున మనము నిర్దోషులము కాము. అడుగక ముందే తీసికొనిపోయి యిచ్చుట మన ధర్మము. ఎఱుకయు నట్టిదే యని మా యభిప్రాయము.

అయినచో ఈ ఋణమెంత? ఒక మేలైన సంగతిని కనిపెట్టినవాడు గాని, విని తెలిసికొన్నవాడు గాని, దానిని కార్యముగా మార్చుటకు ఎంతవఱకు బద్ధుడు? ఈ ప్రశ్నను గాలిలో నిలిపి చర్చించుట కంటె, మన తెలుగునాటనే జరిగిన యొక సంగతిని ముందుంచుకొని విచారించుట మేలు.

నల్లమల కొండలకు తూర్పుగా మార్కాపురము, గిద్దలూరు, పొదిలి, కనిగిరి, దర్శి ప్రాంతములు వ్యాపించియున్నవి. వాన తక్కువ, నేల రాతినేల. వాగులు వానకాలమున పాఱి, తక్కిన దినములలో ఇసుకపాయలై యుండును. కావున అచ్చటి ప్రజలు త్రాగుటకును వండుకొనుటకును తరతరములుగా బావుల మీదనే యాధారపడియుండిరి. 1930 తరువాతి తొలియేండ్లలో నాటి మద్రాసు రాజధానిలోని తెలుగు రైతులు తమ దుక్కిటెడ్లు కీళ్లు బిగిసి నడువలేకుండుట గమనించిరని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. కొంతకాలమునకు ఆ బిగువు మనుష్యులలోను కానవచ్చెను. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటుకు చెందిన షార్టు దొరయు, ఆయన సహచరులును నెల్లూరు జిల్లా ప్రజలలో ఈ రోగమును పరీక్షించి, త్రాగునీటిలోని ఫ్లోరైడు దీనికి హేతువని ఇండియన్ మెడికల్ గెజెటులో ప్రకటించిరి. మనదేశమున మనుష్యులకు నీటి ఫ్లోరైడు వలన కలుగు ఎముకల రోగమును గూర్చిన తొలి ప్రకటన యిదియే యని వైద్యులు పరిగణింతురు. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు నాడు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో అవి, కర్నూలు జిల్లానుండి వచ్చిన మార్కాపురము, గిద్దలూరు తాలూకాలతో కూడ, క్రొత్తగా నేర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టబడినది.

ఈ రోగము యొక్క స్వభావమును కొంచెము తెలిసికొననిదే మన ప్రశ్న యొక్క బరువు తెలియదు. గ్రానైటు వంటి రాళ్లలోని కొన్ని ఖనిజములనుండి ఫ్లోరైడు నీటిలో కరగును. నీరు రాతిపొరలలో ఎంతకాలము నిలిచిన అంత యెక్కువగా కరగును. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వఱకు ఉండవచ్చుననియు, వేఱు నీరు దొరకనిచోట ఒకటిన్నర మించరాదనియు మన దేశపు ప్రమాణము. అది మించిన నీటికి రంగు లేదు, వాసన లేదు, రుచిలో భేదము తెలియదు. కాచిన పోవునా యనిన పోదు. కాచుకొలది నీరు తఱిగి ఫ్లోరైడు పాలు హెచ్చును. పసిబిడ్డలకు పలువరుస చిగుళ్లలో ఏర్పడుచుండు వయస్సున, అనగా ఇంచుమించు ఎనిమిదేండ్లలోపున, ఈ నీరు త్రాగినచో వచ్చు దంతములు గోధుమవన్నె మచ్చలతో వచ్చును. ఆ మచ్చలు తోమినను పోవు. ఏండ్ల తరబడి త్రాగినచో వెన్నును కీళ్లును బిగియును. నడుము వంగినవాడు మఱల నిటారుగా నిలువలేడు. వచ్చిన తరువాత మఱలించు మందు లేదు, రాకుండ చేయు మార్గము మాత్రము కలదు. మంచినీరును మంచి యాహారమునే ఆ మార్గము.

ఇప్పుడు సంవత్సరములను లెక్కింతము. 1937లో హేతువు తెలిసెను. 1940లో కింగ్ ఇన్‌స్టిట్యూటునకే చెందిన పండిట్, రాఘవాచారి ప్రభృతులు దక్షిణదేశమున ఈ రోగమును గూర్చి విస్తరించి వ్రాసి, తిండి కొఱత దీని నెట్లు తీవ్రము చేయునో చూపిరి. 1955లో సిద్దిఖీ యను వైద్యుడు నల్లగొండ జిల్లాలో ఇదే రోగమును వర్ణించి ఆంగ్లదేశపు వైద్యపత్రికలో ప్రకటించెను. పల్లెటూళ్లలో పటికతోను సున్నముతోను నీటిని శుభ్రపఱచు పద్ధతిని నాగపురములోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థవారు సిద్ధము చేసినది 1970వ దశకమున. నల్లగొండ పేరుతోనే ఆ పద్ధతి ప్రసిద్ధమైనది. కేంద్రప్రభుత్వము ఈ రోగనివారణకు ప్రత్యేకముగా జాతీయ కార్యక్రమము నారంభించినది 2008–09లో. హేతువు తెలిసిన యేట పుట్టిన శిశువు, నివారణోపాయము సిద్ధమగునాటికి బిడ్డల తండ్రియై యుండును. జాతీయ కార్యక్రమము మొదలగునాటికి, బ్రతికియున్నచో, డెబ్బదియేండ్ల వృద్ధుడు.

ఇది మనదేశపు అపకీర్తి మాత్రమే యని చదువరులు తలపరాదు. నావికుల చిగుళ్లు కుళ్లి ప్రాణములు తీయుచుండిన స్కర్వీ రోగము నారింజ, నిమ్మపండ్ల వలన కుదురునని జేమ్సు లిండ్ అను ఓడవైద్యుడు 1747లో పరీక్షించి చూచి, 1753లో గ్రంథము ప్రకటించెను. ఆంగ్లనౌకాదళము వారు నావికులకు నిమ్మరసమిచ్చుట నియమముగా నేర్పఱచినది 1795లో. నడుమ గడచిన నలువదిరెండేండ్లలో సముద్రము పాలైనవారికి ఆ గ్రంథముండుట వలన కలిగిన లాభమేమి?

దీని వలన మొదట గ్రహింపదగినది, వాయిదాయు నొక కార్యమే యనుట. మనము తెలిసియు ఊరకున్నప్పుడు ఏమియు చేయలేదని తలంతుము. కాని బిడ్డ దంతము మన తీర్మానము కొఱకు వేచియుండదు. అది తన కాలమునకు తాను వచ్చును. ఆ యేడు బావిలో ఏ నీరున్నదో దానినే తనలో వ్రాసికొని వచ్చును. మార్కాపురము పలకలకు ప్రసిద్ధి. ఆ కొండరాతి పలకల మీద దేశమంతటి బిడ్డలు అక్షరములు దిద్దిరి. పలక మీది తప్పును తడిగుడ్డతో తుడిచి మఱల దిద్దుకొనవచ్చును. పలువరుస మీద వ్రాయబడినది తుడుచుటకు రాదు. కావున తెలిసినవాని కాలయాపనమునకు వెల చెల్లించువాడు వేఱొకడు, తఱచుగా వాడు మాటలాడ నేర్వని పసివాడు.

అట్లైనచో తెలిసినవాని నందఱిని దోషులనవలెనా? రైతును దూషింతుమా? వైద్యుని దూషింతుమా? ఇచ్చటనే వివేకము కావలెను. ఎద్దు కాలీడ్చుట చూచిన రైతు రసాయనశాస్త్రము నేర్వలేదని తప్పుపట్టుట యన్యాయము. వాని చేతిలో నున్నది మేడి. వాని ఋణము, చూచిన దానిని శకునమని గాని కర్మమని గాని త్రోసివేయక, చూచినది చూచినట్లు తెలిసినవానితో చెప్పుట. అది చెల్లెను. వైద్యుని ఋణము, రైతు మాటను పామరుని మాట యని నవ్వక, పండ్లను, ఎముకలను, నీటిని పరీక్షించి హేతువును నిర్ణయించుట, నిర్ణయించిన దానిని బహిరంగముగా ప్రకటించుట. అదియు చెల్లెను. వైద్యుడు ఊరూర చెఱువు త్రవ్వలేడు. కార్యమనునది యొక్కని చేతిలో మొదలై యొక్కని చేతిలోనే ముగియునది కాదు. వివాహ భోజనమున వడ్డనకు వంటయింటినుండి పంక్తి వఱకు గిన్నె చేతులు మాఱునట్లు, సత్యము చేతులు మాఱి మాఱి బాధపడువానిని చేరవలెను. తన చేతి కందినంతవఱకు చేయుటయు, అందని దానిని అందుకొనగల చేతికి అప్పగించుటయు, అప్పగించిన పిమ్మట అది సాగినదో లేదో వెనుదిరిగి చూచుటయు, ఈ మూడును తెలిసినవాని ఋణమని మేము నిర్ణయించుచున్నాము. గిన్నె నిలిచిపోయిన చోటనే దోషము.

గిన్నె యెచ్చట నిలిచెను? మూడాటంకములు మాకు కనబడుచున్నవి. ఇవి నీటి విషయముననే గాక, మన ప్రతి మంచి తలంపునకును అడ్డుపడునవియే.

మొదటిది, సంపూర్ణముగా తెలిసిన తరువాత చేయుదమను మాట. పరీక్ష లేక తొందరపడువాడు కీడు చేయగలడని మేమును అంగీకరింతుము. ఎడ్లకు దృష్టి తగిలినదని తలచి మ్రొక్కులు మ్రొక్కిన కాలు సాగియుండదు. కావున తలంపు చేయవలసిన మొదటి కార్యము, తన్ను తాను పరీక్షకు ఒప్పగించుకొనుట. కాని పరీక్షకొక హద్దు కలదు. హేతువు తెలిసిన నాటికే, శుద్ధిచేయు యంత్రములు లేకున్నను, ఈ బావి నీరు త్రాగవచ్చును, ఆ బావి నీరు త్రాగరాదు అని గుఱుతు పెట్టుటకు అడ్డేమి? ఇంటికప్పు మీద పడు వాననీటిలో ఫ్లోరైడు దాదాపు లేదు. దానిని తొట్టెలో పట్టి బిడ్డలకు మాత్రమైనను ఇచ్చుట కెంత శాస్త్రము కావలెను? పెద్ద యుపాయము వచ్చువఱకు చిన్న యుపాయమును విడుచుట, బియ్యము వచ్చువఱకు గంజియు త్రాగనని మొండికెత్తుట వంటిది.

రెండవది, చేయవలసినవాని దినచర్యను ఎఱుగక కార్యమును నిర్ణయించుట. నల్లగొండ పద్ధతి మిక్కిలి తెలివైనది, చౌకయైనది. నీటిలో తగుపాళ్లుగా సున్నము, బ్లీచింగు పొడి, పటిక కలిపి, కొంతసేపు వడిగాను కొంతసేపు మెల్లగాను త్రిప్పి, గంటసేపు కదలక యుంచినచో, ఫ్లోరైడు మడ్డితో గూడి యడుగున దిగును, పైతేటను వంచుకొనవచ్చును. వినుట కెంత సులువు! కాని ప్రొద్దుపొడుపునకు ముందే లేచి, నీరు మోసి, వంట ముగించి, కూలికి పోవలసిన యిల్లాలు ప్రతిదినము ఈ కొలతలు కొలిచి, త్రిప్పి, వేచి, మడ్డిని దూరముగా పాఱబోయవలెను. పటిక పాలు తప్పినచో నీటిలో వేఱొక దోషము నిలుచును. నేర్పినవారు వెడలిపోయిన పిమ్మట ఈ పద్ధతి పలుచోట్ల మూలబడుటకు ఆ తల్లి యజ్ఞానమే కారణమని కొందఱు చెప్పుదురు. మేమట్లు చెప్పజాలము. ఉపాయమును కల్పించినవారు ఆమె చేతుల యలసటను లెక్కలో వేసికొనలేదు. కార్యము నిలువవలెనన్న, అది చేయువారి బ్రతుకులో ఇముడవలెను. వారి నడిగి కొలత తీసికొననిదే కుట్టిన చొక్కాయి ఎంత వెలగల గుడ్డయైనను పెట్టెలోనే యుండును.

మూడవది మిక్కిలి సూక్ష్మమైనది, మనవంటి చదువుకొన్నవారికి ప్రత్యేకమైనది. అది తన బిందెతో తృప్తినొందుట. ఈ సీమలో నేడు ఊరూర నీటిని వడగట్టు యంత్రములు వెలసినవి. వెల యిచ్చినవారికి డబ్బాలతో మంచినీరు ఇంటికి వచ్చును. నీటిలో దోషమున్నదని ముందుగా తెలిసికొన్నవారు చదువుకొన్నవారు. తెలిసినవెంటనే వారు కార్యము చేసిరి, అనగా తమ యింటికి డబ్బా కుదుర్చుకొనిరి. దీనిని తప్పనుటకు వీలులేదు. తన బిడ్డను రక్షించుకొనుట ధర్మమే. కాని యిది జరిగిన మఱునాటినుండి ఆ యింట నీటి ప్రసంగము ఆగిపోవును. నిన్నటి వఱకు అర్జీలు వ్రాసిన కలము నేడు విశ్రమించును. ఎవని మాటకు కచ్చేరిలో విలువ కలదో వాని దాహము తీఱినది. ఎవని దాహము తీఱలేదో వాని మాటకు విలువ లేదు. ఇట్లు ఒక్కొక్క మంచి యిల్లు తన్ను తాను రక్షించుకొనుటచేతనే ఊరు దిక్కులేనిదగుచున్నది. తలంపు కార్యముగా మాఱినది నిజమే, కాని గడప దాటలేదు. గడప దాటని కార్యమును మేము సగము చెల్లిన ఋణమందుము.

ఇక, ఇది ప్రభుత్వము చేయవలసిన పని, మనమేమి చేయగలము, అనువారు కలరు. ప్రభుత్వము చేయవలసిన పనియే, సందేహము లేదు. కాని ప్రభుత్వమునకును గిన్నె నందించు చేయి కావలెను. కృష్ణానదీజలమును నల్లమల క్రింద సొరంగములు త్రవ్వి ఈ మెట్టసీమకు తేవలెనను వెలిగొండ యోజన అట్టి చేతుల వలననే ముందుకు వచ్చినది. దానికై పోరాడిన వారిలో శాసనసభ్యులుగా నుండిన పూల సుబ్బయ్యగారు ప్రముఖులు. ఆయన పేరే నేడు దానికి గలదు. 1996లో శంకుస్థాపన జరిగినది. రెండు సొరంగముల త్రవ్వకము పూర్తియై 2024 మార్చిలో ప్రారంభోత్సవము జరిగినది. అప్పటికిని ముంపుగ్రామముల ప్రజల పునరావాసమును, కాలువల పనులును మిగిలియే యుండెను. ఒక తలంపు మనిషి యాయుష్షును మించి సాగవలసి వచ్చునని దీని వలన తెలియుచున్నది. అట్టి తలంపు గలవాడు ఫలమును చూడకపోవచ్చును. తన తరువాత మోయువారిని సిద్ధపఱచినచో వాని ఋణము చెల్లినదే.

మోయుట యనునది ముగిసిన పని విషయమునను తప్పదు. కొండల నడుమ గుండ్లకమ్మకు కట్టవేసి కట్టిన కంభము చెఱువును విజయనగరరాజుల కాలమున వరదరాజమ్మ కట్టించెనని ప్రతీతి. 2020లో అది ప్రపంచ నీటిపారుదల వారసత్వ నిర్మాణములలో నొకటిగా గుర్తింపు పొందినది. కట్టించినవారి పేరు మనకు తెలియును. కాని కట్ట మీద మొలచిన చెట్టును పెఱికినవారు, తూము పూడిక తీసినవారు, వరద రాత్రి గండి పడకుండ మట్టి మోసినవారు ఎవరో మనకు తెలియదు. వారు లేనిదే ఆ రాణి తలంపు ఏనాడో ఇసుకలో కలిసియుండును. ఆరంభించుట యందలి గౌరవమును కాపాడుట యందును చూపనేర్చిన నాడు మన సత్కార్యములు రెండవ సంవత్సరమునకు మూలబడవు.

చదువరులారా, మేము చెప్పదలచినది దీర్ఘమైనది కాదు. మీలో ప్రతివారికిని ఏదో యొక సంగతి తెలిసియున్నది. అది నీటిని గూర్చినది కావచ్చును. పాఠశాలలో పలుమాఱు తప్పుచున్న బిడ్డకు కన్ను సరిగా కనబడుటలేదని కావచ్చును. పొరుగింటి ముసలమ్మకు రావలసిన పింఛను ఒక చిన్న కాగితము లేక నిలిచినదని కావచ్చును. దానిని సరియని పరీక్షించి చూడుడు. చేతి కందినంతవఱకు ఈ వారముననే చేయుడు. అందని దానిని అందుకొనగల వాని పేరు కనుగొని, వాని యొద్దకు పోయి, స్పష్టముగా చెప్పుడు. నెల గడచిన పిమ్మట మఱల పోయి అడుగుడు. ఎవరి కొఱకు చేయుచున్నారో వారి నడిగి చేయుడు. మీ యింటికి మేలు కలిగిన దినమున పని ముగిసినదని తలపక, ఆ మేలు ప్రక్కయింటికి పోవు దారి వెదకుడు.

మనకు దెలిసిన దానికి మనము యజమానులము కాము, మోయువారము. ఎఱుక మన చేతికి వచ్చునప్పటికే అది పెక్కుచేతులు మాఱి వచ్చియుండును. కాలీడ్చు ఎద్దును చూచి మేడి విడిచి వంగి చూచిన యా పేరు తెలియని రైతు తన వంతు చేసి పోయెను. గిన్నె యిప్పుడు మన చేతిలో నున్నది, పంక్తి చివరను బిడ్డలు కూర్చుండియున్నారు.